జాడీ అడుగున నాలుగు ముక్కలు

విత్తనాలు మార్చి కాయల్లోంచి పులుపు తీసేసి ఇరవై ఏళ్లయింది. మొదట చింతకాయ, తర్వాత మామిడి, చివరికి నిమ్మ. కడుపులో మంట పుట్టించని ఆ తియ్యరకమే ఇప్పుడు గూడూరు మార్కెట్ నిండా ఉంది. పిల్లలు నిమ్మకాయను బత్తాయిలా వలుచుకుని తింటారు.

ఈ సంగతి సైన్సు పుస్తకానికి ఎవరూ చెప్పినట్టు లేరు. నిమ్మకాయలో రాగితీగ, జింకుపూత మేకు గుచ్చితే బల్బు వెలుగుతుందని అందులో ఇంకా రాసి ఉంది. మా మనవరాలు లాస్విక పొద్దున్నుంచి నాలుగు కాయలకు గుచ్చి, తీగలు కలిపి చూస్తూనే ఉంది. చిన్న ఎర్ర బల్బు ఒక్కసారి కూడా మిణుక్కుమనలేదు.

“రేపే ప్రాజెక్టు చూపించాలవ్వా,” అంది ఏడుపు గొంతుతో.

అటక మీది జాడీ దించాను. మా పాత పుల్లనిమ్మ చెట్టు కొట్టేసిన ఏడాది ఉప్పులో ఊరేసిన కాయలవి. అడుగున నాలుగు ముక్కలే మిగిలాయి. ఎవరికైనా జ్వరం వస్తే తప్ప మూత తియ్యను.

“తడిచెయ్యి పెట్టబాక!” అని అలవాటుగా అరిచి, నేనే ముక్కలు తీసిచ్చాను. ఊరగాయకు ఇనుము తగలకూడదని జన్మంతా పోరినదాన్ని, మేకులు దిగుతుంటే చూడలేక కళ్లు మూసుకున్నాను.

“అవ్వా, వెలిగింది!”

మేకులు గుచ్చిన ముక్కలు ఇక తినడానికి పనికిరావు. జాడీలో మిగిలిన కాస్త ఊటను అన్నంలో కలిపి లాస్విక నోట్లో ముద్ద పెట్టాను. పదకొండేళ్ల దానికి అంత పులుపు అదే మొదటిసారి. ఒళ్లంతా జలదరించింది.

“షాక్ కొట్టిందవ్వా!” అంది కళ్లు గట్టిగా మూసుకుని.

కళ్లు తెరవకుండానే మళ్లీ నోరు తెరిచింది.