వంటింటి స్తంభం

...అయినా ఒక స్తంభానికి ఇంత పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో హైమావతికి అంతుపట్టలేదు. ఇటుకకు బదులు బతికున్న కండరాలతో పెంచిన స్తంభాలు ఇప్పుడు ఊరంతా ఉన్నాయి. బరువు ఎటు పడితే అటు బిగుసుకుంటాయి, ఇంట్లోవాళ్ల గొంతులు గుర్తుపడతాయి. ఆమె వంట చేస్తూ తడిచేతులు తన వంటింటి స్తంభానికి తుడిచేదే తప్ప, ఏనాడూ తలెత్తి చూడలేదు.

పోయిన నెల వాళ్లుండే అయిదంతస్తుల భవనం కూలినప్పుడు ముందువైపు వాళ్లెవరూ మిగల్లేదు. ముందుగదిలో పేపరు చదువుతున్న ఆమె భర్త కూడా పోయాడు. ఆమె ఉన్న వంటింటి కప్పు మాత్రం, స్తంభం మోయడంతో, పడలేదు. స్పృహ లేని ఆమెను ఎవరో బయటికి మోసుకొచ్చారు.

ఇప్పుడు శిథిలాలన్నీ ఎత్తేశారు. నెత్తిన కప్పు ముక్కతో ఆ ఒక్క స్తంభమే ఇంకా నిలబడి, సన్నగా వణుకుతోంది.

"మీరింకా లోపలే ఉన్నారనుకుంటోందమ్మా," అన్నాడు క్రేన్ నడిపే యాదగిరి. "మీ గొంతు వింటేగానీ వదలదట. పైముక్కకి కొక్కెం తగిలించాం, భయం లేదు. ఒక్క మాట చెప్పండి. ఇంత మొండిదాన్ని నేనెక్కడా చూళ్లేదు."

"మా ఆయన్ని చూళ్లేదుగా నువ్వు," అని నవ్వబోయి ఆగిపోయింది.

ఇదీ వదిలేస్తే, ఆ ఇంట్లో తనకోసం నిలబడినదంటూ ఇంకేమీ ఉండదు. తలెత్తి చూసింది. ఇంత ఎత్తా ఇది! నెల రోజులు, నిద్ర లేకుండా, తనను మోస్తూనే ఉందా!

చెయ్యి కొంగుకు శుభ్రంగా తుడుచుకుని, స్తంభానికి ఆనించింది.

"నేను బయటికొచ్చేశానయ్యా," అంది. "ఇక దించుకో."