వాకిలి దగ్గర కుర్చీ

పిల్లనిచ్చే ఆయన వస్తూనే హాల్లోని ప్లాస్టిక్ కుర్చీని ఎత్తుకుపోయి వాకిలి దగ్గర వేసుకున్నాడు. క్రాంతి కుమార్‌కు సగం ప్రాణం అక్కడే పోయింది.

"లోపలికి రాండన్నా, ఫ్యాను కింద కూర్చుందురు," అంది వాళ్లమ్మ జీవమ్మ.

"ఈడ గాలి శానా బాగుండాదిలేమ్మా," అన్నాడు గాబ్రియేలు. కర్నూలు ఎండకు అప్పుడు వీధిలో ఆకు కూడా కదలడం లేదు.

క్రాంతి ఒక ఆసుపత్రిలో టెక్నీషియన్. స్కానింగుకు ముందు రోగులకు రేడియేషన్ సూదిమందు వేస్తాడు. సీసపు తెర వెనక నిలబడి గబుక్కున పొడవడం, నాలుగు జాగ్రత్తలు అప్పగించడం, పక్కకు జరగడం, అదే పని. రోగుల నుంచి తన ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే బ్యాడ్జీ ఒకటి చొక్కాకు ఉంటుంది. మూడు నెలలకోసారి దాని రిపోర్టు వస్తుంది. ఐదేళ్లలో ఒక్కసారి కూడా హద్దు దాటలేదు.

ఆ మాట సంబంధాల వాళ్లకు ఎక్కితే కదా. బద్వేలు వాళ్లు పిల్లలు పుడతారా అని అడిగి, జవాబు వినకుండానే బస్సెక్కారు. ఇంకొకాయన చీకట్లో మెరుస్తావా అన్నాడు, అదీ నవ్వకుండా.

ఇది నాలుగో సంబంధం. పిల్ల జీవితను చర్చి కూడికలో చూసిన రోజు నుంచి క్రాంతికి నిద్ర సరిగా లేదు. ఇది కూడా తప్పిపోతే ఇక పెళ్లి ఊసే ఎత్తకూడదనుకున్నాడు. ఆమె తండ్రి ఈ గాబ్రియేలు. డోన్ నుంచి పొద్దున్నే వచ్చి, ఊళ్లో ఏదో పని చూసుకుని, అబ్బాయిని కూడా చూసిపోదామని ఇటు వచ్చాడు.

క్రాంతి చెయ్యి చాచాడు. ఆయన రెండు చేతులూ జోడించి, "వందనాలు నాయనా," అంటూ వెనక్కి జరిగాడు.

అక్క జెస్సీ బిడ్డ పాకుతూ ఆయన వైపు పోయింది. తేలును చూసినట్టు లేచి మెట్టు దిగాడు గాబ్రియేలు. "బిడ్డను ఎత్తుకోమ్మా, ముందు ఎత్తుకో."

మా ఇంటి పసిపిల్లను కూడా ముట్టడన్నమాట, అనుకున్నాడు క్రాంతి.

జీవమ్మ ఇచ్చిన నీళ్లు చాలవన్నట్టు సంచిలోంచి పెద్ద సీసా తీసి గటగటా తాగాడు. అరగంటలో మూడుసార్లు బాత్రూముకు వెళ్లొచ్చాడు. మరీ ఇంత భయమా అని క్రాంతికి జాలి కూడా వేసింది.

ఆఖరి ఆశగా బ్యాడ్జీ రిపోర్టుల ఫైలు తెచ్చి, ఇంకో కుర్చీ ఆయన దగ్గరికి లాక్కున్నాడు. ఆయన తన కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. ఇతను మళ్లీ ముందుకు, ఆయన మళ్లీ వెనక్కి. చూస్తుండగానే మామగారి కుర్చీ వీధిలోకి వచ్చేసింది. ఎదురింటి వాళ్లు కిటికీ తెరిచారు.

క్రాంతి ఫైలు మూసేశాడు. "అయ్యా, నా ఒంట్లో ఏమీ లేదు. నన్ను జూసి ఇంత భయపడేవాళ్లు పిల్లనెట్ల ఇస్తారు? ఇష్టం లేదని ఒక్క మాట చెప్పండి, నేనేమీ అనుకోను."

గాబ్రియేలు సీసా కింద పెట్టి, వీధిలోంచే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిన్ను జూసి భయమేంది అల్లుడా, పొద్దున గుండె స్కానింగని నాకే ఆ సూది ఏసినారు, దినామూ రోగులది తగిలించుకుంటాండే నీకు నాది కూడా ఎందుకని ఇట్ల జరుగుతాండా."