గురువారం చీటి

హైదరాబాద్ నుంచి మేడమ్ వస్తోందనీ, రిజిస్టర్ చూస్తుందనీ నరహరి చెప్పినప్పుడే రాజమణి గుండెల్లో రాయి పడింది. కూతురి పేరు కొట్టేస్తారేమో. అదొక్కటే ఆమె భయం.

పేరు దీప్తి. వయసు ఇరవై రెండు. నంబరు పద్నాలుగు. ఏడు నెలల కింద సర్కారు దవాఖానలో డాక్టరమ్మ ఆ పిల్లకు రాసిచ్చిన చీటీలో గోలీలు లేవు, సూదులు లేవు. దిగులుకు మనుషులే మందట. ప్రతి గురువారం ఆత్మకూర్ వచ్చి, ఒక హాల్లో పదిమందితో కూర్చోవాలి, కుట్లూ అల్లికలూ చేసుకోవాలి, మాట్లాడుకోవాలి. ఇదేం విడ్డూరపు మందని రాజమణి ఆరోజు నవ్వింది. నవ్వినందుకు తర్వాత చెంపలు వాయించుకుంది.

దీప్తి రాలేదు. రాజమణే వచ్చింది.

అందులో తప్పేముందో ఆమెకు తెలియదు. మగ్గం దిగని పెనిమిటి లక్ష్మీనర్సయ్యకు షుగర్ గోలీలు తెచ్చేది తనే, అత్తకు కంటి చుక్కలు తెచ్చేదీ తనే. చీటీ ఎవరిదైతేనేం, ఇంట్లో తీరికున్నవాళ్లు పోయి తెస్తారు. ఇదీ అంతే. బస్సెక్కి వచ్చి, చివరి కుర్చీలో కూర్చుని, ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క వదలకుండా వినేది. సాయంత్రం పోయి బిడ్డకు అప్పజెప్పేది.

హాలు వ్యవహారం చూసే నరహరి మెత్తటి మనిషి. తల్లి వస్తోంది కదా అని దీప్తి పేరుకు ఎదురుగా టిక్కు పెట్టేవాడు. నెలకోసారి వచ్చే ప్రశ్నల కాగితం కూడా ఆమెనే అడిగి నింపేవాడు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా? పడుతోంది. ఏడుస్తోందా? లేదు. ఊరికే చిరాకు పడుతోందా? అసలే లేదు.

ఆ కాగితాలే కొంప ముంచాయి. ఈ గురువారం మందు మీద పరిశోధన చేస్తున్న స్నిగ్ధ మేడమ్ ఎనభై మంది లెక్కలు ముందేసుకుంటే, పూర్తిగా కోలుకున్నది పద్నాలుగో నంబరు ఒక్కతే. ఆ పిల్లను కళ్లారా చూద్దామని ఎగేసుకుని వచ్చింది పాపం. చూస్తే కుర్చీలో యాభై ఏళ్ల ఆడమనిషి!

మేడమ్ అరవలేదు. ఒకరి మందు ఇంకొకరు మింగితే ఎలా తగ్గుతుందమ్మా అని మాత్రం అడిగింది. రూల్ ప్రకారం పేరు తీసేయక తప్పదంది. పెన్ను తీసింది.

రాజమణి ఆ చెయ్యి పట్టుకుంది.

"కొట్టెయ్యకు మేడమ్, నీ కాల్మొక్త. గీడ తప్ప నా బిడ్డను పేరు పెట్టి పిలిచేటోళ్లు లేరు. వాళ్ల బాపు ముంగట ఆ పేరెత్తితే అన్నం కాడికెల్లి లేసి పోతడు."

తండ్రికీ కూతురికీ పడదు కాబోలు అనుకుంది స్నిగ్ధ. పెన్ను ఆగింది.

"నువ్వు పోయి చెబితే వింటుందా అమ్మా?"

"మొదట్ల నా మాట ఇనకపోయేది మేడమ్. తలుపేసుకునేది. ఇప్పుడు ఎంతసేపు చెప్పినా ఊకుంటది."

స్నిగ్ధ ఏళ్ల తరబడి పుస్తకాల్లో వెతుకుతున్న మందు ఈ తల్లి నోట్లోనే ఉందేమో! ఒక్కసారి అమ్మాయిని చూపించు, రెండు మాటలు మాట్లాడతాను, పేరు అలాగే ఉంచుతాను అంది. రాజమణి కొంగు సర్దుకుని లేచింది. సరేనంది.

కారులో దారి పొడుగునా దీప్తి ముచ్చట్లే. నౌకరీ పరీక్ష మూడుసార్లు పోయిందనీ, అప్పటినుంచి గదిలోంచి బయటికి రాలేదనీ, నలుగురు నాలుగు మాటలన్నారనీ, ఆ నలుగురిలో తనూ ఉన్నాననీ చెప్పి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడవకమ్మా, ఇప్పుడు బాగానే ఉంది కదా అని స్నిగ్ధ భుజం తట్టింది. పిల్లను బెదరగొట్టకుండా మాట ఎలా మొదలుపెట్టాలా అని లోలోపల ఆలోచించుకుంటోంది.

మగ్గాల వీధి వచ్చింది. ఇల్లు కూడా వచ్చింది. జర ముంగటికి పోనియ్యమంది రాజమణి. ఊరు దాటాక కారు ఆపించి, మెట్ట చెలకలోకి దిగి నడిచింది. స్నిగ్ధ చెప్పులు చేతబట్టుకుని వెంట నడిచింది.

ఏడు నెలలుగా తాను అలుకుతున్న మట్టి దిబ్బ పక్కన కూర్చుని, దాని మీద అరచెయ్యి వేసి, "దీప్తీ, మేడమ్ వచ్చింది బిడ్డా," అంది రాజమణి.