ఒక కట్టె ఎక్కువ

చలి ఏటేటా ముదిరిన లంబసింగి కొండల్లో ఇప్పుడు ఇంటింటా ఒక పొయ్యి ఉంది. గది వేడిని తానే చూసుకొని, కట్టెలను తానే అందుకొని మండుతుంది. అయినా రామాయి చేయి ఊరుకొనేది కాదు. గడియకోసారి తలుపు తెరిచి మంట ఎగదోసేది.

“నీకు మనిషి మీదా నమ్మకం లేదు, నిప్పు మీదా లేదు!” అని దెబ్బలాడి, చెల్లెలు సుకిరి దిగువూరిలోని మేనమామ ఇంటికి వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి పొయ్యి రోజుకొక కట్టె ఎక్కువ తింటోంది. రామాయికి కాలు నిలవలేదు. మిస్త్రీని పిలిపించింది.

అతడు పొగగొట్టం దులిపాడు, తలుపు బిగువు చూశాడు, థర్మోస్టాట్‌ను పరీక్షించాడు.

“పొయ్యికేటీ రోగం లేదప్పా. ఇంట్లో మనిషి గానీ తగ్గారేటి?”

“తగ్గితే?”

“మనిషి ఒళ్లూ ఓ చిన్న పొయ్యే గదా. ఆ వేడి లేపోతే ఇది ఓ కట్టె ఎక్కువ ఏసి ఆ లోటు పూడుస్తాది. పోనీ, ఓ డిగ్రీ తగ్గించీమంటావా?”

రామాయి చేయి అలవాటుగా పొయ్యి తలుపు దాకా వెళ్లి, ఆగిపోయింది.

“వద్దు. దిగువకే ఎల్తన్నావు గదా, నన్నూ బండెక్కించుకో.”

చెల్లెలు కోపంలో వదిలి వెళ్లిన శాలువను ఆమె కొక్కెం మీది నుంచి తీసి, మడిచి చంకలో పెట్టుకొంది.