కొత్త యాప్ పక్కకు తోసినవి

"ముసలి వెండెల్‌ను గోదాం దగ్గర రాత్రి కాపలాకు ఒంటరిగా పెట్టకండి, ఏదో కీడు జరుగుతుంది," అంది లోర్నా.

"ఉడుత దూకినా నీ గుండె ఆగుతుంది," అని యజమాని నవ్వాడు.

ఆఫీసు కోసం రెండు మెయిల్ యాప్‌లు పోల్చి, కొత్తదే మేలని తేల్చింది ఆమే. పనికిరాని మెయిళ్లను అది చప్పుడు లేకుండా పక్కకు తోసేస్తుందని మెచ్చుకుంది కూడా.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఎందుకో పాత యాప్ తెరిచింది. కొత్తది చూపకుండా తోసేసినవి అందులో ఉన్నాయి, అన్నీ వెండెల్ మెయిళ్లే.

"ఖాళీ గోధుమ గోదాంలోంచి ఎవరో పిలుస్తున్నారు."

"జవాబివ్వు తల్లీ, భయంగా ఉంది."

"నీ గొంతే. నువ్వొచ్చావా? తలుపు తీస్తున్నా."

సిగ్గుతో ఆమె కుంచించుకుపోయింది. వెంటనే అతనికి ఫోన్ చేసింది. మోగింది, మోగింది. బయట మంచు పడే చప్పుడైనా లేదు. చాలాసేపటికి ఎవరో ఎత్తారు.

"వెండెల్‌కు నేను జవాబిచ్చాలే, నువ్వు పడుకో," అంది అవతలి నుంచి లోర్నా సొంత గొంతే.