బూట్ల బాబు

వెనకాలే వస్తున్న మనిషి తన అడుగుజాడ పక్కన వంగి కూర్చోవడం చూసి బుల్లమ్మ ఆగిపోయింది.

తడి ఇసకలో దిగిన ఆమె అడుగుకీ అడుగుకీ మధ్య దూరాన్ని అతను నూలుపోగుతో కొలిచాడు. పోగుకి ముడి వేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఏటి సేస్తన్నావు బాబూ?"

"నీకు కుడి మోకాలు నొప్పి కదమ్మా?"

బుల్లమ్మ మోకాలి వైపు చూసుకుంది. ఆ సంగతి కొడుకు దాలయ్యకి కూడా చెప్పలేదు. చెబితే చేపల తట్ట దింపేయమంటాడు. ఇరవై ఏళ్లుగా తట్ట నెత్తిన పెట్టుకుని గార ఊరి దాకా నాలుగు మైళ్లు నడిచి అమ్ముకొస్తున్న మనిషి ఆమె. తట్ట దిగిందంటే కోడలు పెట్టే కూడుకి కాచుకుని మూల కూర్చోవాలి. అంతకంటే సముద్రంలో పడ్డం నయమనుకునే రకం.

"నీకెవులు సెప్పినారు?"

"నీ అడుగులే చెప్పాయి. నడిచేటప్పుడు వేళ్లు బయటికి విసురుతున్నావు. కాస్త లోపలికి తిప్పు. అడుగు చిన్నది చెయ్యి. నెల్లాళ్లు నడిచి చూడు."

అతను బడిపంతులు నారాయణమూర్తి ఇంట్లో దిగిన చుట్టం. నల్లబూట్లు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని రోజూ పొద్దున్నే తీరం వెంబడి నడుస్తాడు. ఎంత ఇసకలోనైనా బూట్లు విప్పడు. పడవల దగ్గర చెప్పుకాలు పెట్టకూడదని ఆ జాలరిపేటలో పసిపిల్లలకీ తెలుసు. అందుకే అతనికి బూట్ల బాబని పేరు పడింది.

నడక కూడా ఒకరు నేర్పాలా? ఏడాది నిండకుండా వచ్చిన విద్య. బుల్లమ్మ నవ్వుకుంది.

మర్నాడు మాత్రం, ఎవరూ లేని చోట, వేళ్లు లోపలికి తిప్పి నాలుగడుగులు వేసింది. తట్ట ఊగింది. తన కాళ్లు తనవి కానట్టుంది.

"అలవాటవుతుంది. ఈ గీత మీద నడువు" అని వెనక నుంచి మాట వినిపించింది. అతను కర్రతో ఇసక మీద గీత గీస్తున్నాడు.

రోజూ అదే గీత. రోజూ అదే మాట. నెల తిరిగేసరికి మోకాలి నొప్పి సగానికి సగం తగ్గింది.

అక్కడే వచ్చింది తికమక. మందు లేదు, పసరు లేదు, తాయెత్తు లేదు. ఉత్త నడకకి నొప్పెలా తగ్గుతుంది?

ఉండబట్టలేక పక్కింటి కూర్మమ్మకి చెప్పింది.

"ఒసే బుల్లీ, అడుగు కొలిసి పోగుకి ముడేసినాడా? అది సిల్లంగి కాక మరేటే? నొప్పి పెట్టినోడే తీస్తాడు. ఇయ్యాల నొప్పి తీసినాడు, రేపు పేణం తీస్తాడు."

"నొప్పి తగ్గినాది కదే."

"మరి ఆ బూట్లెందుకిప్పడు? దెయ్యాలకి పాదాలు ఎనక్కి తిరిగుంతాయి. సూపిస్తే దొరికిపోడూ?"

కూర్మమ్మని నమ్మాలో, తన మోకాలిని నమ్మాలో బుల్లమ్మకి తెలియలేదు. ఆ రాత్రంతా కాలు తడుముకుంటూనే ఉంది.

చేతబడి మాటకి కాళ్లెక్కువ. తెల్లారేసరికి పేటంతా తిరిగింది.

నారాయణమూర్తి ఆ రోజు పని మీద శ్రీకాకుళం వెళ్లాడు. తీరంలో పదిమంది బూట్ల బాబుని చుట్టుముట్టారు. పేట పెద్ద నూకయ్య ముందుకొచ్చాడు.

"బాబూ, మాకు గొడవొద్దు. బూట్లిప్పి పాదాలు సూపించు. మంచోడివైతే నీకు దణ్ణం పెడతాం."

అతను బుల్లమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. నొప్పి తగ్గిందా, లేదా?"

తగ్గిందంటే చిల్లంగి నిజమవుతుంది. లేదంటే తను అబద్ధమాడినట్టవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏటో బాబూ, నాకేటీ తెల్దు" అంది తల వంచుకుని.

"సరే. బూట్లు మాత్రం విప్పను" అన్నాడతను.

మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు.

పోగు మాత్రం అతని దగ్గరే ఉండిపోయిందని బుల్లమ్మకి బెంగ పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే పంతులు గుమ్మం ముందు నిలబడింది.

నారాయణమూర్తి ఆ నూలుపోగు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నీకిమ్మని చీటీ రాసి ఉంచి వెళ్లాడు. ఈ ముడి నీ పాత అడుగు. ఈ రెండో ముడి మొన్న ఇసకలో కొలిచిన కొత్తడుగు. ఇంకో వేలెడు తగ్గించాలట."

బుల్లమ్మ సిగ్గుతో పోగుని వేలికి చుట్టుకుంది.

"ఆ బాబేటి సేస్తాడు పంతులుగోరూ?"

"పూనాలో మిలటరీ వాళ్ల ఆస్పత్రిలో నడక నేర్పుతాడు. మూడేళ్ల కిందట యుద్ధానికి వెళ్లొచ్చాడు. తన సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. తెలిస్తే జాలిపడతారు గాని చెప్పిన మాట వినరట."

"మరి ఆ బూట్లిప్పి పాదాలు సూపించేత్తే పోయేది కదా బాబూ. మేవూ నమ్మేవోళ్లం."

నారాయణమూర్తి తీరం వైపు చూశాడు. తడి ఇసక మీద నిన్నటి గీత ఇంకా పూర్తిగా చెరగలేదు.

"చూపించడానికి ఆ బూట్లలో పాదాలుంటే కదా బుల్లమ్మా, మోకాళ్ల కింద రెండూ కర్రకాళ్లే."