వెడల్పు పడవ

ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో బస్తాలు మోసే కాశీరాం, 1989 వేసవిలో ఆ పని మాని, పడవ కొనడానికి పోచంపాడ్ వచ్చాడు. వెంట భార్య రామవ్వ ఉంది. ఆమె అక్కడి చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లే.

అక్కడి రిజర్వాయర్ ఒడ్డున అమ్మకానికి రెండు పడవలున్నాయి. ఒకే పొడవు, ఒకే ధర. ఒకటి మాత్రం కాస్త వెడల్పు.

"గీ వెడల్పుది తీసుకుందాం. ఇద్దరం మంచిగ కూసోవచ్చు," అంది రామవ్వ.

"వద్దే, గది బరువు. గీ సన్నదైతే ఒక్కరే నడపొచ్చు."

"ఒక్కరెందుకు? నువ్వు తెడ్డెయ్యి, నేను వలేస్త."

కాశీరాం సన్న పడవను నీళ్లలోకి నెట్టబోయాడు. ఊపిరందక ఇసుకలో కూలబడ్డాడు.

రామవ్వ పక్కన కూర్చుంది. "నిజం చెప్పు. దవాఖానల డాక్టర్ ఏమన్నడు?"

"దసరా దాంక బతికితే గొప్ప అన్నడు. తర్వాత నువ్వొక్కదానివే నడుపుకోవాలె గద. గందుకే బరువు లేని అల్కటిది చూస్తున్న."

రామవ్వ లేచి వెళ్లి వెడల్పు పడవ అంచు పట్టుకుంది.

"గిదే కొందాం. నువ్వు లేనంక నేను నీళ్ల మీదికి పోను."

కాశీరాం ఎంత బతిమాలినా ఆమె చెయ్యి తీయలేదు.